పారబోసిన టమోటాకు లెక్క చెప్పండి

2023 జులై ఆఖరులో మదనపల్లె మార్కెట్లో మొదటి రకం టమోటా కిలో రెండు వందల రూపాయల దాకా పోయింది. దేశమంతా గగ్గోలు పుట్టింది. రైతుబజార్లలో కిలో యాభైకి సబ్సిడీ టమోటా పెడితే జనం బారులు తీరారు. సెప్టెంబరు వచ్చేసరికి అదే రాయలసీమలో, పత్తికొండ, ప్యాపిలి వైపు, కిలోకి నాలుగు రూపాయలు రావడమే కష్టమైంది. మోసుకొచ్చిన సరుకుని రైతులు రోడ్డు పక్కన పారబోసి ఇంటిదారి పట్టారు. జులైలో గొంతు చించుకున్నవాళ్ళలో ఎంతమంది సెప్టెంబరులో నోరు విప్పారు?

ఆ రెండు నెలల్లో కాయ రుచి మారలేదు. పండించినవాడి కష్టం తగ్గలేదు. జులైలో కొనేవాడికి తొందర, సెప్టెంబరులో అమ్మేవాడికి తొందర. తేడా అంతా అక్కడే. ఎవరు ఆగలేరో వాళ్ళే ఓడిపోతారు. కోసిన నాలుగైదు రోజుల్లో మెత్తబడిపోయే పంట పండించే రైతు ఏ ఏడాదీ, ఏ నెలా ఆగలేడు. అతనికి ఆగే వీలు కల్పించే విద్య మనకు తెలుసు. దానికి కావాల్సిన ఎండ మన నెత్తిన ఉంది. డబ్బు కూడా ఉంది, ఏటా ఏదో ఒక పేరుతో ఖర్చవుతూనే ఉంది. ఇన్ని ఉండి కూడా ఆ వీలు రైతు చేతికి అందనివ్వలేదు. నా కోపం దాని మీద.

లెక్కలు తెలియవని ప్రభుత్వాలు తప్పించుకోలేవు. లూధియానాలోని కోత అనంతర సాంకేతిక పరిశోధన సంస్థ సీఫెట్ 2015లో ఇచ్చిన నివేదిక ప్రకారం కోత దగ్గర నుంచి అమ్మకం దాకా టమోటాలో 12.44 శాతం, జామలో 15.88 శాతం పాడైపోతోంది. పంటలు, పాలు, మాంసం, చేపలు అన్నీ కలిపి 2014 టోకు ధరల్లో ఆ నష్టం 92,651 కోట్ల రూపాయలు. తరవాత నాబార్డు సలహా సంస్థ నాబ్కాన్స్ మళ్ళీ సర్వే చేసి 2022లో నివేదిక ఇచ్చింది. టమోటాలో నష్టం 11.61 శాతం, జామలో 15.05 శాతం. మొత్తం విలువ ఒక లక్షా 52 వేల కోట్లు దాటింది. ఈ రెండు నివేదికల మధ్య ఎన్ని పథకాలు వచ్చాయి, ఎన్ని శంకుస్థాపనలు జరిగాయి! టమోటా నష్టంలో ఒక్క శాతమైనా పూర్తిగా తగ్గలేదు.

పైగా ఇవి చేతులు మారుతూ, బండ్లు మారుతూ పాడైన సరుకు లెక్కలు. కోత కూలి కూడా గిట్టదని చెట్టు మీదే వదిలేసిన కాయ వీటిలోకి రాదు. గొర్రెల మందకు వదిలేసిన తోట రాదు. ట్రాక్టరుతో దున్నేసిన ఉల్లి చేను రాదు. ఆ నష్టం రైతు అప్పు పుస్తకంలో తప్ప మరెక్కడా నమోదు కాదు.

ధర లేని రోజు మదనపల్లె మార్కెట్‌కి వెళ్ళి చూడండి. తెల్లవారకముందే ఆటోలు, మినీ లారీలు వచ్చి చేరతాయి. మండీల ముందు బాక్సుల మీద బాక్సులు. వేలం పాడేవాడు పై వరసలోంచి ఒక కాయ తీసి నొక్కి చూసి, ఏమీ అనకుండా పక్క వరసకు నడిచిపోతాడు. కోత కూలి, ఆటో బాడుగ, బాక్సు బాడుగ, ఎత్తేవాడికి, దించేవాడికి, ఆపైన మండీ కమిషను, జాక్‌పాట్ అనే పేరుతో లాగేసుకునే అదనపు బాక్సులు. ఇవన్నీ పోగా చేతిలో మిగిలేది చూసుకోవడానికి కూడా రైతుకు మనసొప్పదు. తంబళ్ళపల్లె వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మధ్యాహ్నం దాకా తన బాక్సుల పక్కనే కూర్చుంది. పాడేవాడు లేడు. తిరిగి తీసుకెళ్ళరాదా అమ్మా అని అడిగితే ఆవిడ ఇలా అంది: “ఇంటికి తీసకపోయి ఏం చేసుకునేది నాయనా? ఆటో బాడుగ మళ్ళా నేనే పెట్టుకోవాల. రేపటికి ఇదంతా నీళ్ళయిపోతుంది.”

రేపటికి నీళ్ళయిపోతుంది. రైతు బేరమాడే బలమంతా ఈ భయం దగ్గర చచ్చిపోతుంది. కొనేవాడికి ఈ సంగతి రైతుకంటే బాగా తెలుసు. అందుకే అతను మధ్యాహ్నం దాకా ఆగగలడు, ఆవిడ ఆగలేదు.

ఇప్పుడు గుంటూరు మిరప రైతుని చూడండి. అతనూ నష్టపోతాడు. 2025 మొదట్లో ఎండుమిర్చి ధర కూలిపోయి, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. అది పెట్టుబడికి కూడా చాలదని రైతులు మొత్తుకున్నారు, ఆ మాట నిజమే. అయినా కల్లంలో ఎండిన మిర్చిని బస్తాలకెత్తి కోల్డ్ స్టోరేజీలో పెట్టుకున్న రైతుకి నెలల తరబడి ఆగే వీలుంది. ఆ సరుకు చూపించి అప్పు తెచ్చుకునే వీలుంది. నిజామాబాదు పసుపు రైతూ అంతే. కొమ్ములు ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగుపెట్టాక యార్డుకి ఎప్పుడు తోలాలో తన ఇంట్లో కూర్చుని తేల్చుకుంటాడు. వాళ్ళకూ కష్టాలున్నాయి. కానీ పొద్దుగూకేలోపు తెగనమ్ముకోవాల్సిన గతి వాళ్ళకు లేదు. అదే తెలుగు నేల మీద, అదే ఎండలో, తేమ తీసేసిన పంటకు ఒక బతుకు, తేమ తీయని పంటకు ఇంకో బతుకు.

టమోటాలో తొంభై నాలుగు, తొంభై అయిదు శాతం నీళ్ళే. ఇరవై కిలోల కాయ నుంచి కిలో పొడి వస్తుంది. తక్కిన పంతొమ్మిది కిలోలు ఉత్త నీరు. ఆ నీటిని మనం లారీలకెత్తి, డీజిలు పోసి, ఢిల్లీ దాకా మోయిస్తున్నాం. ధర లేకపోతే ఆ నీటితోపాటు రైతునూ రోడ్డున పడేస్తున్నాం.

ఈ దేశం ఒక పంటను ఇలాంటి గతి నుంచే బయటపడేసింది. అది పాలు. టమోటా నాలుగు రోజులు ఆగుతుందేమో, పాలు పూట కూడా ఆగవు. 1950లలో గుజరాత్‌లోని ఖేడా జిల్లా గేదెలు చలికాలంలో విరగబడి ఇచ్చే పాలను బొంబాయి పాల పథకం పూర్తిగా తీసుకునేది కాదు. మిగిలిన పాలు రైతుకు భారం. అక్కడి పాల సహకార సంఘాన్ని నడిపిన త్రిభువన్‌దాస్ పటేల్, కురియన్, దలాయా ఏం చేశారు? మిగులు పాలకు నష్టపరిహారం ఇమ్మని ఢిల్లీకి అర్జీ పెట్టి ఊరుకోలేదు. గేదె పాలను పొడి చేయడం సాధ్యం కాదని పెద్ద పెద్ద నిపుణులు చెప్పినా వినకుండా ఆనంద్‌లో పాలపొడి ఫ్యాక్టరీ కట్టారు. 1955 అక్టోబరు 31న నెహ్రూ దాన్ని ప్రారంభించారు. ఆ ఫ్యాక్టరీ ఎవరిది? పాలు పోసే రైతులదే, వాళ్ళ సహకార సంఘానిదే. చలికాలం పాలు పొడిగా మారి ఎండాకాలం దాకా ఆగాయి. కొనేవాడు కాదంటే ఆగగలిగిన రోజున పాల రైతు మనిషయ్యాడు.

2018 బడ్జెట్లో ఆనాటి ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ టమోటా, ఉల్లి, బంగాళదుంపల కోసం ఆపరేషన్ గ్రీన్స్ ప్రకటించారు. 500 కోట్ల రూపాయలు కేటాయించారు. ఆనంద్ పద్ధతిని దేశమంతటికీ తీసుకెళ్ళిన ఆపరేషన్ ఫ్లడ్ బాటలో అని చెప్పి మరీ ప్రకటించారు. పేరు తీసుకున్నారు గానీ ఆ పని నిలబడ్డ రెండు కాళ్ళనూ ఆచరణలో వదిలేశారు. ఒకటి, మిగులు సరుకుని నిలవ సరుకుగా మార్చే యంత్రం పంట దగ్గరే ఉండాలి. రెండు, దాని యజమాని రైతే కావాలి. ఈ రెండూ లేని ఆపరేషన్ గ్రీన్స్ పాల రైతుకు దక్కినదాంట్లో పాతికో వంతు కూడా టమోటా రైతుకు ఇవ్వలేకపోయింది. మదనపల్లెలో ఎవరిని నిలబెట్టి అడిగినా ఇదే చెబుతారు.

ప్రాసెసింగ్ పరిశ్రమలు వస్తే చాలు, రైతు కష్టాలు తీరతాయని కొందరు గట్టిగా నమ్ముతారు. వాళ్ళు చిత్తూరు వెళ్ళి రావాలి. మామిడి గుజ్జు తయారీలో దేశంలో పేరున్న కేంద్రాలు రెండు. ఒకటి చిత్తూరు, రెండోది తమిళనాడులోని కృష్ణగిరి. చిత్తూరులో ఫ్యాక్టరీలకు కొదవ లేదు. తోతాపురి పంట చాలావరకు వాటి కోసమే పండుతుంది. 2025 వేసవిలో ఏమైంది? కిందటేటి గుజ్జే గోదాముల్లో ఉందని ఫ్యాక్టరీలు కొనుగోళ్ళు బిగబట్టాయి. ఫ్యాక్టరీల గేట్ల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి వరసకట్టాయి. ఆ వరసల్లోనే కాయ కుళ్ళింది. ఫ్యాక్టరీ కిలోకి ఎనిమిది రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం నాలుగు కలుపుతుంది అని రాష్ట్రం ప్రకటించింది. చాలా చోట్ల ఆ ఎనిమిదీ రైతు చేతిలో పడలేదు. పక్క రాష్ట్రం కాయ రాకుండా సరిహద్దులో ఆపితే కర్ణాటక రైతులు భగ్గుమన్నారు. చివరికి కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 1,490 రూపాయల పైచిలుకు లెక్కగట్టి సాయం ఒప్పుకుంది.

ఫ్యాక్టరీ ఉన్నంత మాత్రాన రైతు గట్టెక్కడు. గుజ్జు చేసి మూసిన డ్రమ్ములో పెడితే ఏడాది పైన ఆగుతుంది. ఫ్యాక్టరీవాడు ఆగగలడు. ట్రాక్టరులో ఉన్న కాయ ఆగలేదు. ప్రాసెసింగ్ వచ్చింది, దాంతోపాటు వచ్చిన ఆగే బలం మాత్రం గేటు లోపలి మనిషికే దక్కింది. కోట్ల సబ్సిడీ పెట్టి ఫుడ్ పార్కులు కట్టి, వాటిని నలుగురు పెట్టుబడిదారుల చేతిలో పెట్టి, రైతును ఆ గేటు ముందు వరసలో నిలబెట్టడాన్ని అభివృద్ధి అని పిలిస్తే నేను ఒప్పుకోను. ఎన్ని జీవోలు చూపించినా ఒప్పుకోను.

ఉల్లి సంగతి మరీ ఘోరం. 2025 ఆగస్టు, సెప్టెంబరుల్లో కర్నూలు యార్డులో ఉల్లి కిలో అయిదు రూపాయలకు, అంతకంటే తక్కువకు కూడా దిగింది. ప్రభుత్వం క్వింటాలు 1,200కి కొంటానంది. కొన్న సరుకు పెట్టే చోటు లేక, అమ్మే దారి లేక, చివరికి హెక్టారుకు 50,000 రూపాయల సాయం ప్రకటించింది. ఆ సాయం వద్దని నేననను. మునిగిపోతున్నవాడికి అది అందాల్సిందే. కానీ చేతులు కాలాక ఆకులు పట్టుకునే ఈ పని ఎన్నేళ్ళు? ఆ డబ్బుతో రైతు అప్పులో కొంత తీరింది. మళ్ళీ ఏడాది అదే ఉల్లి, అదే యార్డు, అదే భయం. ఖర్చయిన రూపాయల్లో ఒక్కటి కూడా మళ్ళీ ఏటికి పనికొచ్చే వస్తువుగా మిగల్లేదు.

గుజరాత్ భావ్‌నగర్ జిల్లాలోని మహువా వెళ్తే వంద దాకా ఉల్లి ఎండబెట్టే యూనిట్లు కనిపిస్తాయి. అక్కడి నుంచి ఎండు ఉల్లి విదేశాలకు పోతుంది. వాళ్ళకు తెల్ల ఉల్లి కలిసొచ్చింది. అందులో ఘనపదార్థం ఎక్కువ, ఎండబెడితే గిట్టుబాటు అవుతుంది. కర్నూలు ఖరీఫ్ ఎర్ర ఉల్లిలో నీరెక్కువ, నిలవ తక్కువ. ఈ తేడాను దాచి “మహువాలో అయింది కాబట్టి ఇక్కడా అవుతుంది” అని చెప్పడం రైతును మోసం చేయడమే. ఇంకో చిక్కు కూడా ఉంది. మన ఉల్లి, పత్తికొండ టమోటా ముంచెత్తేది వానాకాలం చివర్లో. మబ్బు పట్టిన రోజుల్లో ఉత్త ఎండ మీద ఆధారపడిన డ్రయ్యరు చేతులెత్తేస్తుంది. అందుకే ఇక్కడ కావాల్సింది పగలు ఎండతో, మబ్బుపడితే పొయ్యి వేడితో నడిచే డ్రయ్యరు. ఆ పొయ్యికి కావాల్సిన వేరుశనగ పొట్టు సీమలో ఏ మిల్లు దగ్గరైనా గుట్టలుగా పడి ఉంటుంది. కిలో నీటిని ఆవిరి చేయడానికి ఎంత లేదన్నా ముప్పాతిక యూనిట్‌కు కాస్త తక్కువ విద్యుత్తంత వేడి కావాలి. కిలో టమోటా పొడికి పంతొమ్మిది కిలోల నీరు పోవాలి కాబట్టి, ఆ వేడంతా కరెంటుతోనే తేవాలంటే పొడి ధర ఆకాశానికంటుతుంది. ఎండతో తెస్తే ఖర్చులో పెద్ద భారం దిగిపోతుంది. ఉమ్మడి కర్నూలు జిల్లాలోనే గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు కట్టారు. ఆ ఎండ కోసం దేశమంతటి నుంచి పెట్టుబడులు పరుగెత్తుకొచ్చాయి. అదే జిల్లాలో ఉల్లి రైతుకు ఆ ఎండ ఎందుకూ కొరగాకుండా పోయింది. దీనికి సిగ్గుపడాల్సింది ఎవరు?

మన ఇళ్ళలో ఎండబెట్టడం తెలియని విద్యా? వంకాయ ఒరుగులు, కాకర ఒరుగులు, మామిడి ఒరుగులు, ఊరమిరపకాయలు, గుమ్మడి వడియాలు, గోదావరి తీరాన ఆత్రేయపురం మామిడి తాండ్ర. మిద్దె మీద చాపలు పరిచిన ఆడవాళ్ళందరూ ఈ విద్యలో పండితులే. అయితే ఆ రోజులు తలచుకుని మురిసిపోయే పని నేను చేయను. చాప మీద నాలుగు కిలోల ఒరుగులు వేరు, ఊరికి ముంచుకొచ్చిన నలభై టన్నుల టమోటా వేరు. రోడ్డు మీద టార్పాలిన్ పరిచి ఎండబెట్టిన సరుకులో దుమ్ము, ఈగ, కుక్క కాలు అన్నీ ఉంటాయి. రాత్రి మంచుకు మళ్ళీ తేమ పట్టి బూజు మొలుస్తుంది. అలాంటి సరుకుని ఎవరూ కొనరు, కొనకూడదు కూడా.

పని శ్రద్ధగా చేయాలి. బాగా పండి, ఇంకా గట్టిగానే ఉన్న కాయ ఏరి, కడిగి, తొడిమ దగ్గరి గట్టి భాగం తీసేసి, ఆరు నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల బిళ్ళలుగా ఒకే మందంలో కోయాలి. ఒక బిళ్ళ పలచన, ఒకటి మందం అయితే ట్రే అంతా పాడు. బిళ్ళ మీద బిళ్ళ పడకుండా జాలీ ట్రేల్లో పరచాలి. లోపల వేడి యాభై అయిదు, అరవై డిగ్రీల దగ్గర ఉండాలి, తేమ గాలి పైనుంచి బయటికి పోతూ ఉండాలి. తొందరపడి మొదట్లోనే వేడి పెంచితే బిళ్ళ పైపొర తోలులా బిగుసుకుపోతుంది, లోపలి నీరు అక్కడే చిక్కుకుంటుంది. పైకి ఎండినట్టే ఉంటుంది, డబ్బాలో పెట్టాక బూజు పడుతుంది. చేత్తో వంచితే టప్పున విరగాలి. విరిగినా సరే, అప్పుడే పొడి కొట్టకూడదు. మూతపెట్టిన గాజు సీసాలో రెండు మూడు రోజులు ఉంచి, సీసా గోడకు చెమ్మ పట్టిందేమో చూడాలి. పట్టి ఉంటే మళ్ళీ ట్రేకి ఎక్కించాలి. టమోటా పొడి గాలిలోని తేమను ఇట్టే పీల్చుకుని గడ్డకడుతుంది. కాబట్టి గాలి చొరని సంచి కావాలి, మూసేది అదే రోజు కావాలి. ఈ పనిలో ఏదీ పొదుపు సంఘం మహిళకు రానిది కాదు. పదిహేను రోజులు నేర్పితే ఇంజనీరు కంటే బాగా చేస్తుంది, ఎందుకంటే ఎండిన కాయ విరిగే చప్పుడు ఆమెకు చిన్నప్పటి నుంచి తెలుసు.

చేసి చూపించినవాళ్ళూ ఉన్నారు. హైదరాబాద్‌లోని సీడ్ సంస్థ ఎన్నో ఏళ్ళుగా క్యాబినెట్ సోలార్ డ్రయ్యర్లు చేస్తోంది, వాటితో పండ్ల తాండ్ర పట్టీలు చేయడం నేర్పుతోంది. మహారాష్ట్రలో ఎస్4ఎస్ టెక్నాలజీస్ ఊళ్ళలో మహిళలకు సోలార్ డ్రయ్యర్లు ఇచ్చి, వాళ్ళు ఎండబెట్టిన ఉల్లిని తిరిగి తనే కొంటుంది. 2023లో ఆ సంస్థకు ఎర్త్‌షాట్ బహుమతి వచ్చింది. అసలు కీలకం ఆ “తిరిగి తనే కొంటుంది” అన్న చోట ఉంది. యంత్రం ఇచ్చి చేతులు దులుపుకోలేదు.

మన దగ్గర జరిగేది తలకిందులు. యంత్రం ఇస్తారు, ఫొటో దిగుతారు, వెళ్ళిపోతారు. సీమలో ఒక ఊరి చివర తాళం వేసిన డ్రయ్యర్ షెడ్డు చూశాను. ట్రేల మీద సాలెగూళ్ళు. ఒక ట్రేని ఎవరో తీసుకెళ్ళి కోళ్ళ గూటికి తలుపుగా పెట్టుకున్నారు. తప్పు ఊరిదని నేననను. ఆ సంఘం ఆడవాళ్ళు రెండు సీజన్లు ఎండబెట్టారు, సంచుల్లో నింపారు, కొనేవాడు లేక ఆ పొడిని ఇంటింటికీ పంచిపెట్టారు. “చేయమన్నోళ్ళు మళ్ళా మొగం చూపియ్యలేదు సార్” అని వాళ్ళ సంఘం లీడరు చెబుతుంటే సమాధానం చెప్పాల్సిన అధికారులు ఒక్కరూ అక్కడ లేరు. పత్తికొండలో టమోటా జ్యూస్ ఫ్యాక్టరీ అన్న హామీ ఎన్ని ఎన్నికల్లో విన్నామో అక్కడి రైతులు వేళ్ళు మడిచి చెబుతారు. 2020లో కేంద్రం తెచ్చిన పీఎంఎఫ్ఎంఈ పథకం చిన్న ఆహారశుద్ధి యూనిట్లకు 35 శాతం సబ్సిడీ పెట్టింది, పది లక్షలకు మించకుండా. మంచి పథకమే. కానీ అది బ్యాంకు అప్పుతో ముడిపడింది. ఆస్తి కాగితాలు లేని కౌలు రైతు, సంఘం మహిళ బ్యాంకు మెట్ల దగ్గరే ఆగిపోతున్నారు. అప్పు దొరికినవాళ్ళకు కూడా సరుకు కొనేవాడిని ఖాయంగా చూపించే శాఖ కనిపించదు.

కొనేవాడు ప్రభుత్వం ఇంట్లోనే ఉన్నాడు. నేను ఈ వ్యాసం రాస్తున్నది ఈ మాట చెప్పడానికే. బడుల్లో మధ్యాహ్న భోజనం, సంక్షేమ హాస్టళ్ళు, గురుకులాలు, అంగన్‌వాడీలు. రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వం రోజూ లక్షల మందికి పప్పు, సాంబారు వండిపెడుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో బడి భోజన పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టుకున్నారు. ఆకలన్నవాడిని వట్టి చేతులతో పంపని తల్లి ఆమె. గుడ్లు, చిక్కీలు ఈ పథకానికి ప్రభుత్వమే మొత్తంగా కొంటోంది. అదే జాబితాలో టమోటా పొడి, ఎండు ఉల్లి చేర్చడానికి అడ్డమేమిటి?

లెక్క వేసి చూడండి. ఒక్కో పిల్లకు రోజుకు మూడు గ్రాముల టమోటా పొడి, అంటే అరవై గ్రాముల పచ్చి కాయకు సమానం. పది లక్షల మంది పిల్లలకు రోజుకు మూడు టన్నుల పొడి, దానికి అరవై టన్నుల కాయ. బడి నడిచే రోజులు రెండు వందలనుకుంటే ఏడాదికి పన్నెండు వేల టన్నుల కాయ. బడి భోజనం తినే పిల్లలు పది లక్షలకు కొన్ని రెట్లున్నారు. పండే పంటంతటితో పోలిస్తే ఇది చిన్న భాగమే అంటారేమో. మార్కెట్‌ను పడగొట్టేది కూడా చిన్న భాగమే. పాడేవాడు లేక మధ్యాహ్నానికి మిగిలిపోయిన ఆ కొన్ని వందల బాక్సులే తక్కిన అన్ని బాక్సుల ధరనూ కిందికి లాగుతాయి. ఆ మిగులును పొద్దున్నే మార్కెట్లోంచి తీసేయగలిగితే మొత్తం ధర నిలబడుతుంది. డ్రయ్యరు ఊరి పంటంతా ఎండబెట్టనక్కర్లేదు. మిగిలేదాన్ని ఎండబెడితే చాలు.

జులైలో కిలో రెండు వందలైనప్పుడు బడిలో వంట చేసే ఆడవాళ్ళ పరిస్థితి ఎవరైనా ఆలోచించారా? కూరగాయలు కొనుక్కోవాల్సింది వాళ్ళే. ప్రభుత్వం తలకింత అని ఇచ్చే వంట ఖర్చు టమోటా ధరతోపాటు పెరగదు. ఆ నెలల్లో పిల్లల పప్పులో టమోటా మాయమవుతుంది. సెప్టెంబరులో పారబోసిన కాయ పొడిగా మారి ఉంటే మళ్ళీ జులైలో పిల్లల కంచంలోకి వచ్చేది. రైతు నష్టం, వంటమనిషి అవస్థ ఒకే దెబ్బకు తీరే మార్గం కళ్ళముందుంటే దాన్ని ఇన్నేళ్ళు పట్టించుకోకపోవడాన్ని నేను అసమర్థత అనుకోను. ఇది నిర్లక్ష్యం, తెలిసి చేస్తున్న నిర్లక్ష్యం.

అభ్యంతరాలు నాకు తెలుసు. ఎండబెడితే విటమిన్ సి చాలావరకు పోతుంది. నిజమే. ఎరుపునిచ్చే లైకోపిన్, పీచు, ఖనిజాలు నిలుస్తాయి. తాజా కూరగాయలు, ఆకుకూరలు మానేయమని ఎవరూ చెప్పడం లేదు. మదనపల్లెలో పండేవి దూరప్రయాణానికి తట్టుకునే గట్టి హైబ్రిడ్ రకాలు, వాటిలో చిక్కదనం తక్కువ, పేస్ట్ ఫ్యాక్టరీలకు సరిపోవు అంటారు. అదీ నిజమే. పేస్ట్ ఫ్యాక్టరీకి సరిపోని కాయ కూడా ఎండుతుంది, పొడి కాస్త తక్కువ వస్తుంది, అంతే. కొనుగోలు ఖాయమని ముందే ఒప్పందం ఉంటే చిక్కటి రకం విత్తనం వేసే రైతులు కూడా ముందుకొస్తారు. కొనుగోలుకు భరోసా లేకుండా రకం మార్చమని రైతుకు చెప్పే హక్కు ఏ శాస్త్రవేత్తకూ లేదు. నాణ్యత ఎవరు చూస్తారు అంటారు. గుడ్డు బరువు తూచే శాఖకు పొడిలో తేమ కొలవడం చేతకాదా?

రైతు వ్యాపారం చేయలేడని, సంఘాలు నడవవని కూడా అంటారు. గేదె పాలతో పొడి రాదని అన్నవాళ్ళ వారసులు వీళ్ళు. కోట్ల రూపాయల పొదుపును పైసా పోకుండా తిప్పుతున్న మహిళా సంఘాలు ఉన్న రాష్ట్రాల్లో ఈ మాట అనడానికి నోరెలా వస్తుందో నాకు అర్థం కాదు.

కాబట్టి అడుగుతున్నాను, రెండు ప్రభుత్వాలనూ అడుగుతున్నాను. వచ్చే విద్యా సంవత్సరం సరుకుల టెండర్లు పిలిచేముందు టమోటా పొడినీ ఎండు ఉల్లినీ జాబితాలో చేర్చండి. వాటిని మాత్రం బహిరంగ టెండరులో పెట్టకండి. పెడితే పెద్ద కంపెనీ ఒక రూపాయి తక్కువకు కోట్ చేసి ఎగరేసుకుపోతుంది. సాగు చేసే మండలాల్లోని రైతు ఉత్పత్తిదారుల సంఘాల నుంచి, పొదుపు సంఘాల నుంచి మాత్రమే కొనాలని రాయండి. కాయకు కిలో ఇంత అని సీజను మొదలవకముందే ప్రకటించండి. ఆ ధరలో కోత కూలి, బాడుగ పోగా రైతుకు మిగలాలి. ఆ కొనుగోలు ఒప్పందం కాగితాన్నే హామీగా తీసుకుని డ్రయ్యరుకు అప్పు ఇమ్మని బ్యాంకులకు చెప్పండి. పదిహేను రోజుల్లో డబ్బు చెల్లించకపోతే వడ్డీ కట్టే షరతు కూడా అందులోనే పెట్టండి, ఎందుకంటే ప్రభుత్వ బిల్లు కోసం ఏడాది ఎదురుచూసే ఓపిక సంఘం మహిళకు ఉండదు. ఏ శాఖ కొంటుంది, ఏ అధికారి సంతకం పెడతారు, ఏ తేదీలోపు పెడతారు అన్నది పేరూ హోదాతో సహా ప్రకటించండి.